ఇరవై డిగ్రీలు

మా చెల్లెలు లౌరి పుట్టినరోజుకి పంపిన డబ్బా
మూడు నెలలు మెట్లకింద బూట్ల పక్కనే పడుంది.
ఉక్కు కొలిమి ఆర్పేశారన్న వారానికి
గెథిన్ దాన్ని వంటింటి బల్లమీదకు తెచ్చి
కళ్లద్దాలు తుడుచుకుని
సూచనల కాగితం పైకి చదివాడు,
చాపెల్‌లో వాక్యం చదివినట్టు.

"మొదటి మాట: శుభ్రం.
రెండో మాట: మళ్లీ శుభ్రం."
ఇరవై ఆరేళ్లు ఆయన చొక్కాల మసి
ఉతికిన చేతులు నావి.
ఆ వేళ గరిటెని, మూతని, గొట్టాన్ని
చంటిబిడ్డకి తలంటు పోసినట్టు కడుగుతుంటే
గుమ్మంలో నిలబడి ఊరికే చూశాను.

వేడినీళ్లలో నానిన డబ్బా తెరిస్తే
మాల్ట్ పాకం నల్లగా, తారులా,
సాగి సాగి దిగింది.
వేలికంటింది నాకి "మాడిన రొట్టె అంచు" అన్నాడు.
పంచదార. కుళాయి నీళ్లు, ఇరవై మూడు లీటర్ల గీత దాకా.
ఈస్టు పొట్లం అరచేతిలో తూచి నవ్వాడు:
"పదిహేను వందల డిగ్రీల దగ్గర
ఇనుముని వాగులా పారించినవాణ్ణి.
ఇప్పుడు ఇరవై నిలబెట్టాలట. ఇరవై!"

వేల్స్‌లో ఫిబ్రవరి. సందుల్లోంచి సముద్రపు గాలి.
గ్యాసు బిల్లుకి భయపడి
మేమే పద్నాలుగులో బతుకుతున్నాం.
నా పాత ఉన్నికోటు పీపాకి తొడిగి
గుండీలు కూడా పెట్టాడు.
నాకంటే దానికే నప్పింది.

రెండు రోజులైనా
గాలిబిరడాలో నీళ్లకి ఉలుకూ లేదు, పలుకూ లేదు.
తెల్లవారుజామున మూడింటికి,
పాత షిఫ్టు వేళకి,
మెట్లు దిగి పీపాకి చెవి ఆనించి కూర్చున్నాడు.
నేను దుప్పటి కప్పుకుని వెళ్లేసరికి
"ఆర్పేశాను, నెరిస్" అన్నాడు.
ఆ మాట ఆ ఇంట్లో అంతవరకూ
ఎవరూ పైకి అనలేదు.

పొద్దున్నే పక్కింటి డిల్విన్ ముసలాయన వచ్చాడు,
చెప్పుల్లో, నోట్లో టోస్టు ముక్కతో.
మూత అంచున తడివేలు పెట్టి
"ఇదిగో, ఇక్కణ్ణించి పోతోంది ఊపిరి.
బుడగ రాకపోతే పనవ్వట్లేదని ఎవడు చెప్పాడు?"
గాజు కొలబద్ద తేలేశాం:
వెయ్యీ నలభై నుంచి వెయ్యీ ఇరవైకి దిగింది.
గెథిన్ మూడుసార్లు చదివాడు,
మూడోసారి గొంతు సరిగా రాలేదు.

వీధంతా అడిగి తెచ్చిన నలభై సీసాలు,
ఏ రెండూ ఒక్క ఎత్తు కావు.
ఒక్కోదాంట్లో అరచెంచా పంచదార.
ఒకటి అర్ధరాత్రి పేలింది, పిల్లి రెండు రోజులు ఇంటికి రాలేదు.

మొదటి గ్లాసు మసక మసకగా ఉంది.
కొంచెం పచ్చి ఆపిల్, కొంచెం అట్టపెట్టె.
"ఇంకో రెండు వారాలు ఆగితే బావుంటుందని
కాగితంలో ఉంది" అన్నాను.
"ఆగుదాం" అంటూ మళ్లీ పోసుకున్నాడు.

కోటు నాకు తిరిగొచ్చింది.
సోమవారం బస్సులో పక్కసీటావిడ
వాసన చూస్తూ అటూ ఇటూ తిరిగింది,
రొట్టె ఎక్కడ కాలుతోందోనని.