అర శ్రుతి

పెరంబూరులో మూడో అంతస్తు, రాత్రి పదకొండున్నర.
ఫ్యాను ఆపేశాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను.
లోకో వర్క్స్ వైపు షంటింగ్ ఇంజనొక్కటే
నా మాట వినదు.

బల్ల మీద నేను టంకం వేసుకున్న డాక్,
టిఫిన్ డబ్బా అంత.
దాని నుదుట చిన్న దీపం.
పాటను కంప్యూటరు విప్పి, మళ్ళీ మడతపెట్టి పంపితే నారింజ,
ఉన్నదున్నట్టు పంపితే నీలం.
నాలుగు రాత్రులుగా నారింజే.

మధ్యలో ఎవరో చెయ్యి పెడుతున్నారు.
మిక్సరొకటి, అడక్కుండానే సర్దిపెట్టే సాఫ్ట్‌వేరొకటి,
సంబంధం కుదిర్చే పెద్దమనుషుల్లా.
మాట ఈ గడప నుంచి ఆ గడపకి చేరేలోపు మారిపోతుంది.
ఒక్కొక్క టిక్కే తీసేస్తూ వచ్చాను.

ఇవాళ నీలం.

డి.ఎస్.డి. లెక్కలో పెద్ద అంకెలుండవు.
సెకనుకి ఇరవై ఎనిమిది లక్షల సార్లు
ఒకటే ప్రశ్న: పైకా, కిందికా?
ఒంటి అంకె జవాబు.
ఒకట్లు ముసురుకున్న చోట అల లేస్తుంది,
పలచబడ్డ చోట వాలిపోతుంది.
మౌనానికి కూడా ఇక్కడ సెలవు లేదు.
సగం ఒకట్లు, సగం సున్నాలు,
తక్కెడ ముల్లు నిటారుగా నిలపడానికి
రెప్పపాటు తీరిక లేని చాకిరీ.
బుసబుస ఎక్కడికీ పోలేదు,
చెవికందని మేడ మీదికి తోసేశారు, అంతే.
గబ్బిలాలు వింటే విననీ.

ఫైలు పేరు: కనకవల్లి, మైకు టెస్టు.

మా పిన్ని ఇరవై రెండేళ్ళు వడపళని స్టూడియోల్లో
కోరస్ పాడింది. ఎడమ నుంచి నాలుగో గొంతు.
ఏ పాటలో వెతికినా
పక్కావిడ గొంతులో కలిసిపోయి దొరుకుతుంది.
ఒకే ఒక్కసారి, పాడాల్సినావిడ కారు
మౌంట్ రోడ్డు వానలో ఇరుక్కున్న సాయంత్రం,
ఎవరో ఒకరు నిలబడండమ్మా, మైకు చూసుకోవాలి
అన్నాడు రికార్డిస్టు తంగవేలు.
నిలబడింది.
ఆ టేపు వాళ్ళబ్బాయి అటక మీద
కలరా ఉండల వాసన పట్టి దొరికింది.
అడయారులో ఒకాయన డి.ఎస్.డి.లోకి ఎక్కించి ఇచ్చాడు.

నొక్కాను.
ఒకటి, రెండు, మూడు, అంది ముప్పై ఏళ్ళ మనిషి.
పెదాలు విడిన తడి చప్పుడు.
ఊపిరి.
ఆ తర్వాత మాటల్లేని ఆలాపన, నిమిషంన్నర,
గది పట్టనంత.
తగ్గిద్దామంటే వాల్యూము కంప్యూటరు చేతిలో లేదిప్పుడు.
తగ్గించాలన్నా విప్పాలి. విప్పితే నారింజ.

నిద్ర చెడిన పిన్ని గుమ్మంలో నిలబడింది,
డెబ్బై ఎనిమిదేళ్ళు, చేతిలో నీళ్ళ చెంబు.
ముఖంలోకి చూశాను, ఏదో ఆశపడి.

"ఎవరే అది? ఐదున్నరలో పాడుతోంది.
నాది ఐదు.
తంగవేలు మిషను తొందరపడేది.
అప్పుడే చెప్పాను, వింటేగా."

చెంబెత్తి గుక్కెడు తాగి, వెళ్ళి పడుకుంది.

తంబురా యాప్ పెట్టి చూశాను. నిజమే.
అర శ్రుతి ఎక్కువ.
నాలుగు రాత్రులు కాపలా కాసి
చుక్క కల్తీ లేకుండా నేను ఇంటికి తెచ్చుకున్నది
ఒక తప్పుని.

దించాలంటే పాటను ముక్కలు చేసి, లెక్కకట్టి,
మళ్ళీ అతకాలి.
లేదా పాటను ముట్టుకోకుండా
కాలాన్ని కాస్త నెమ్మది చెయ్యాలి.
డాక్ లోపల బియ్యపుగింజంత స్ఫటికం ఉంది.
అది కొట్టుకునే వేగానికే అన్నీ నడుస్తాయి.

పొద్దున్నే రిచీ స్ట్రీట్.
బురద మీద అట్టపెట్టెలు పరిచిన సందు,
కాజా మొహిదీన్ భాయ్ కొట్టు.
ఇరవై రెండున్నర మెగాహెర్ట్జ్‌ది తీసేస్తున్నాను,
ఇరవై ఒకటి పాయింట్ మూడు ఉందా, అన్నాను.
"నెమ్మదిది ఎవరూ అడగరమ్మా. దేనికి?"
"మా పిన్ని శ్రుతి ఐదు."
ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని
స్టూలు జరిపి, కూర్చుని,
అన్నిటికంటే కింది సొరుగు లాగాడు.