వాసన గుడ్డ

శంకరాపురంలో మా ఇంటికి బోర్డు లేదు.
గేటు కింద నుంచి బయటికొచ్చే ముక్కులు చూసి కనుక్కుంటారు.
తెలియనోళ్ళు "కుక్కల ఓబులమ్మ ఇల్లు యాడ?" అంటే
ఇస్త్రీ బండి మస్తాన్ చెయ్యి చూపిస్తాడు.
ఆ పేరుకు మొదట్లో కోపమొచ్చేది.
ఇప్పుడు కరెంటు బిల్లు కట్టేది ఆ పేరే.

రోజుకు మూడున్నర నూరు.
సంగటి, పెరుగు, రెండు పూట్ల నడక నావి.
గొలుసు, మందులు, ఒక గుడ్డ మీవి.
గుడ్డ ఉతకద్దండి.
మీరు కట్టి విడిచింది, చెమట ఆరనిది,
లుంగీ అయినా సరే, దిండు గలీబు అయినా సరే.
సిగ్గుపడతారు అందరూ.
పళ్ళ డాక్టరు భార్య మూడు కవర్లలో చుట్టి తెచ్చింది
దొంగసొత్తు మాదిరి.

పెట్టుబడి అంటారా,
మా మామ ఎప్పుడో ఎర్రగుంట్ల నుంచి
లారీలో తెప్పించి పరిచిన నాపరాళ్ళు.
మే నెలలో కడప పెనం మాదిరి కాలుతాంటే
పొట్టలు ఆ రాళ్ళకు అతికించి
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పారేసి పడుకుంటాయి.
కరెంటు పోతే నేనూ వాటి పక్కనే.

నోటు పుస్తకంలో రాసుకుంటా:
టైగర్‌కు కుక్కర్ కూత పడదు.
ఎస్సై గారి రాజాకు బల్లులంటే భయం.
ముసలి స్నోయీ రాత్రి రెండింటికి లేచి
గోడతో మాట్లాడుతుంది, పలికితే పడుకుంటుంది.
బింగో పేరు దగ్గర ఏమీ రాయలేదు.

బింగో ముందు ఒక్క గుడ్డతో వచ్చేది,
స్కూటర్ మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో అది.
ఇప్పుడు శుక్రవారం ఆమె దించి పోతుంది,
ఆదివారం అతను తీసుకుపోతాడు.
మళ్ళీ వారం వరస తిరగబడుతుంది.
ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండేదానికి
రెండు రాత్రులు, ఏడు నూర్లు.

ఆమె పాత చున్నీ, అతని బనియన్
మా ఇంట్లోనే ఉండిపోయినాయి,
ఒకటి ఈ గోడకు, ఒకటి ఆ గోడకు.
అందరూ నిద్రపోయినాక బింగో లేస్తుంది.
ముందు చున్నీ లాగుతుంది, తర్వాత బనియన్,
ఒకదాని మీద ఒకటి వేసి
మూడు సుట్లు తిరిగి మధ్యలో కూలబడుతుంది.
చూడనట్టు లైటు ఆర్పేస్తా.
తెల్లారి ఎవరి కొక్కేనికి వాళ్ళ గుడ్డ తగిలిస్తా.
వాళ్ళకు చెప్పను. దానికి వేరే రేటు లేదు.

మొన్న ఆదివారం అతను
"నా బనియన్ ఇయ్యక్కా, ఉతికి తెస్తా" అన్నాడు.
ఇచ్చినా.
గేటు దాటబోతా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
ఒక చేతిలో హెల్మెట్, ఒక చేతిలో బనియన్,
అట్లే నిలబడిపోయినాడు.
బింగో అతని మొహం చూస్తాంది,
నేను రోడ్డు చూస్తాండా.
"ఉతకనులే అక్కా, ఈడనే ఉండనీ"
మడత కూడా పెట్టకుండా నా చేతిలో పెట్టినాడు.

లోపల టైగర్ ఒకటే అరుపు.
కుక్కర్ దించేది మరిచేపోయినా.