సొరపందిరి

యనమలకుదురు రేవులో తెల్లారుతూనే
ఇసుక మీద వంగి ఉన్నాను,
ఒక చేతిలో స్కేలు, ఒక చేతిలో ఫారం.
వెతుకుతున్నది నీటికుక్క అడుగులు.
దొరికినవి:
ఊరకుక్కవి పదకొండు,
కొంగలవి లెక్క తెగనన్ని,
ట్రాక్టరుది ఒకటి, చాలా స్పష్టంగా.

ఫారంలో ఒక గడి ఉంది:
'గత మూడు తరాల్లో తగ్గుదల, శాతంలో.'
మూడు తరాలంటే దానికి ముప్పయ్యేళ్లట.
నాకు ఇరవై ఆరు.
నేను పుట్టకముందే మొదలైన తగ్గుదలని
ఈ పన్నెండంగుళాల స్కేలుతో ఎక్కణ్ణుంచి కొలవాలి?

పడవ నీడలో నాంచారమ్మ
వల కొస కాలి బొటనవేలికి తగిలించుకుని
చిరుగులు అల్లుతోంది.
"ఏం పోగొట్టుకున్నావే పిల్లా?"
చెప్పాను.
"అదా! దొంగసచ్చింది. దాని పళ్లు రాల" అంది,
చాన్నాళ్లకి చుట్టం పేరు విన్నట్టు.

"పీత కొరికితే పోగులు పోగులుగా పోద్ది.
మొద్దు తగిలితే నిలువునా చీరుద్ది.
ఇదైతే చేప పడ్డకాడే,
గుండ్రంగా, పళ్లెమంత."

ఇంటికి తీసుకెళ్లింది.
పెరట్లో సొరపాదుకి పందిరి వేసిన పాత వల.
అతుకులన్నీ రంగుదారాలు,
ఏ యేడు ఏది చవకైతే అది.
ఎరుపు, చిన్నోడు కడుపులో ఉన్నప్పటిది.
ఆకుపచ్చ, పుష్కరాలప్పటిది.
నీలం, వరదొచ్చి పొయ్యి మునిగిన ఏడాదిది.

ఆకులు తప్పించుకుంటూ, తలెత్తి,
మెడ లాగేదాకా లెక్కపెట్టాను.
ఎర్ర గుండ్రాలు నలభై ఒకటి.
పచ్చవి పందొమ్మిది.
నీలం ఆరు.
పసుపు ఒక్కటి.
ఆ తర్వాతి తెల్లదారమంతా నిలువు చీలికలే.

"చిరుక్కి పది రూపాయలు.
దాని పుణ్యాన గ్యాసుబండ వచ్చేది" అంది,
ఇందాక తిట్టిన నోటితోనే.

ఆధారం అన్నచోట ఫారం అడిగేవి
ఫొటో, పెంటిక, అడుగు, కంటితో చూసిన తేదీ.
వలకి గడి లేదు.
నమూనా ఎంత అంటారు మా సారు.
ఒక వల సార్. ఒక పందిరి. రెండు కాయలున్నాయి.
'సమాచారం చాలదు' దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.

కాగితం వెనక్కి తిప్పి రంగులు రాసుకుంటుంటే
"పసుపుది రాశావా?"
"మొద్దేమో, అనుమానమే అన్నావుగా?"
"అనుమానమైతే మాత్రం?
లేదని తేలిందా యేం? రాయి."

పసుపు: ఒకటి. పక్కన ప్రశ్నార్థకం.
ఆమెకి చదువు రాదు.
ఆ వంకర గుర్తుని గోటితో తడిమి
గాలంలా ఉందే, అంది.