వారసులు: తెలియదు

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే:
ముత్తాత నూకన్న పడవ పనికి బాసరెళ్ళాడు,
తిరిగి రాలేదు.

బాసరంటే గోదారి పైనెక్కడో, సరస్వతమ్మ దగ్గర.
అక్షరం ముక్క రానివాడికి అక్కడేం పనని
ఎవరూ అడగలేదు.
దొరలు రమ్మన్నారట, వెళ్ళాడట.

ఏటా పెద్దల అమావాస్యకి
ఓడలరేవులో మోకాటిలోతు నీళ్ళలో దిగి
ఎగువకి, ఉత్తరానికి తిరిగి
దొప్పలో అన్నం, ఎండు మెత్తళ్ళు, ఒక లంక చుట్ట
వదిలేవాళ్ళం.

నాది బడిలో గుమాస్తా పని.
పరీక్షల ముందు పదో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి
ఒక్కొక్కరికి రెండేసి పుట్టుమచ్చలు రాస్తాను.
రెండోది దొరక్కపోతే
మోచేతి మీద పాత దెబ్బైనా సరే.

అందుకేనేమో, ఎగ్మూరు పాత కాగితాల గదిలో
మూడో రోజు మధ్యాహ్నం
ఆ వరస మీద వేలు ఆగినప్పుడు
పేరు కన్నా ముందు మచ్చలే చదివాను.
కుడి చెవి కింద పుట్టుమచ్చ.
ఎడమ పిక్క మీద కోత.
నాలాంటివాడే ఎవడో
తల పూర్తిగా ఎత్తకుండా రాసుంటాడు.

నూకన్న ‘నకనా’ అయ్యాడు. ఓడలరేవు ‘వడ్లరేవు’.
తండ్రి పేరు గడిలో కులం,
కులం గడిలో తండ్రి పేరు.
ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.
దళం: నదీ రవాణా. పని: కళాసి. తుపాకీ లేదు.
భర్తీ కాకినాడ, పదిహేడు జనవరి.
దిగిన చోటు బస్రా.

బస్రా.

ఒక్క క్రావడి తేడా.
నూరేళ్ళు తప్పు దిక్కుకి దండం పెట్టాం.

గోదారి కాదు, టైగ్రిస్.
పైకి కాదు, మొగ దాటి, ఉప్పునీళ్ళు దాటి.
అక్కడ గట్టు పొడవునా ఖర్జూరాలు.
ఈతచెట్లనుకుని ఉంటాడు,
కుండలు కట్టలేదేమిటా అని చూసుంటాడు
గాయపడ్డవాళ్ళనీ గుర్రాల మేతనీ
ఒకే బల్లకట్టు మీద లాగుతూ.

చివరి గడి:
జ్వరం, ఆగస్టు.
బాకీ జీతం పదకొండు రూపాయల నాలుగణాలు.
వారసులు: తెలియదు.

ఆ తెలియనివాళ్ళలో ఒకామె
ఆ ఆగస్టులో, ఎనిమిదో నెల కడుపుతో,
ఇదే రేవులో పీతలు ఏరుతోంది.

ఆ గదిలో పెన్ను పట్టనివ్వరు, పెన్సిలే.
‘తెలియదు’ పక్కన కాస్త ఖాళీ ఉంది
ఒక ఆడమనిషి పేరు పట్టేంత.
కాపలా ఆయన తాడు కట్టిన కళ్ళజోడు మీంచి
నన్నే చూస్తున్నాడు.
రాయలేదు.
ఎవరడిగినా రాయలేదనే చెబుతాను.

ఇంటికొచ్చి
అన్నదమ్ములందరి కుడి చెవులూ వంచి చూశాను.
ఎవరికీ లేదు మచ్చ.
చిన్నోడు చెయ్యి విదిలించి కొట్టాడు.

మేనత్త ఎర్రయ్యమ్మ అంతా విని
చాలాసేపు వక్క నమిలింది.
“మరి ఇన్నేళ్ళూ పెట్టిన తిండో?” అంది.
తనే అంది మళ్ళీ:
“ఎవరో తినే ఉంటార్లే. పైనూళ్ళోళ్ళు.”

ఈ అమావాస్య పొద్దున
దక్షిణానికి, సముద్రం వైపు తిరిగాం.
అన్నం, మెత్తళ్ళు, చుట్ట.
నేను పదకొండు రూపాయలు కూడా పెట్టాను.
అణాలు దొరకలేదు.

వదిలిన దొప్ప కాసేపు అక్కడక్కడే తిరిగింది.
పోటు వేళ. సముద్రమే ఏట్లోకి ఎక్కుతోంది.
దొప్ప మమ్మల్ని రాసుకుంటూ వెనక్కి పోయి
బోడసకుర్రు వంతెన వైపు
ఎగువకి,
నిమ్మళంగా.

నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది అత్త.
“నే చెప్పలా,
బాసరకే ఎల్తన్నాడు.”