తొమ్మిది రోజుల జొరం

తొమ్మిది రోజులు మిల్లుకి పోలేదు.
చీటీ తెమ్మన్నాడు టైమాఫీసు సాహుబాబు.
చీటీ లేకపోతే కూలి కోత కాదు,
పేరే కొట్టీస్తానన్నాడు.

రాయగడ స్టేషను వెనక సందులో
పాఢి డాక్టరు మేడమెట్ల కింద
నా ముందు పదిహేడు మంది.
జొరమున్నోళ్లు గోడకి జేరబడ్డారు,
చీటీకొచ్చినోళ్లం నిటారుగా కూర్చున్నాం.
చూస్తేనే తెలిసిపోతాది ఎవరెవరో.

మిల్లులో నా పని కాగితాలు లెక్కపెట్టడం.
బల్లకి అటు సోనాయి హికాకా, ఇటు నేను.
దానిది ఎకొ, దుయి, తిని, చారి.
నేను ఒకటి అనను, లాభం అంటాను,
మా నాన్న కళ్లంలో గింజలు కొలిచినట్టు.
ఎవరి భాషలో వాళ్లం బయల్దేరినా
ఐదొందలకి ఇద్దరం ఒక్కసారే చేరీవోళ్లం.
వేలి రబ్బరు తొడుగు ఒకటి పోయింది,
ఉన్న ఒక్కటీ
పూటకొకరం పెట్టుకునీవోళ్లం.

"కాణ రోగ?" అన్నాడు డాక్టరు తలెత్తకుండా.
బెంగ, అన్నాను.
ఆయన కాంపౌండరు వైపు చూసేడు.
బిసోయికి తెలుగొచ్చు, బొబ్బిలి అల్లుడు.
"మొనొ దుఖ్ఖొ" అని చెప్పి చూసేడు. కాదన్నాను.
"భొయ్యొ" అన్నాడు. అదీ కాదన్నాను.
చంకలోంచి దింపీసిన పిల్లకి
అన్నం సయించదే, అది.
దూడనమ్మీస్తే ఆవు
రెండు పూటలు చేపదే, అది.
డాక్టరు నవ్వలేదు. మంచోడే.
"ఈ గడిలో పట్టేది చెప్పాలమ్మా.
ఎవరు పోయారు, మొగుడా?"
బల్లకి అటుపక్క మనిషి, అన్నాను.
దానికి సెలవుండదన్నాడు.
నాకు తెలుసు.

వానాకాలమే కదా అని
పెన్ను ఓసారి విదిలించి
మలేరియా అని రాసేడు.
తొమ్మిది రోజులు మంచంమీద ఉన్నాది,
ఇప్పుడు నయమయింది, పనికి తగును
అని బిసోయి చదివి వినిపించేడు.
వంద తీసుకున్నాడు.

ఇంగ్లీషు రాదుగాని
ఆ మాట ఆకారం నాకు తెలుసు.
పెద్దాసుపత్రిలో సోనాయి కాళ్ల దగ్గర
అట్టకి గుచ్చిన కాగితంమీద అదే మాట.
దాని పక్కన ఇంకో మాట ఉండీది,
మెదడుకెక్కిందని నర్సు చెప్పింది.
నాలుగోనాటి రాత్రి
జొరంలోనే లెక్కపెడుతూ ఉంది సోనాయి.
నూటపన్నెండు దగ్గర ఆగి నా వైపు చూసింది.
నూటపదమూడు, అన్నాను.
తెలుగులో అన్నాను.
అది మళ్లీ ఎకొ నించి మొదలెట్టింది.

ఆటో ఎక్కలేదు.
నాగావళి వంతెనమీద నడుచుకుంటూ వచ్చేను
దాని జొరం నా పేరు మీద పెట్టుకుని.
కాగితంమీద వచ్చింది నాకు,
కాగితంమీదే తగ్గింది.
అంత చులాగ్గా తగ్గీ జొరమే అయితే.

బొటనవేలు ఊరుకోదు, చీటీ అంచు తడిమింది.
మా మిల్లుదే. పల్చన, రెండో రకం.
ఎప్పుడు మా బల్ల దాటి పోయిందో,
ఎకొలో పడిందో
లాభంలో పడిందో.

సాహుబాబు చదవలేదు.
బల్లమీది ఇనపచువ్వకి గుచ్చేడు,
దానికింద చానా జొరాలున్నాయి.
"తగ్గిందా?" అన్నాడు.
ఏదో అన్నాను.

బల్లకి అటు కొత్తపిల్ల, కాశీపూర్ దట.
పేరింకా అడగలేదు.
తొడుగు నేనే పెట్టుకున్నాను,
లోపల ఇంకా పౌడరుంది
సోనాయి రాసుకున్నది.
లాభం, అన్నాను.
అటునించి మాట రాలేదు.
పిల్ల పెదాలు మాత్రం కదుపుతోంది,
ఏ భాషలోనో.
రెండు.