ఇంటూ మార్కు

"నది ఏ దిక్కుకు పారును?"
ఒక మార్కు ప్రశ్న. ఐదో తరగతి, యూనిట్ టెస్టు.
ముప్పై ఒక్క పేపర్లలో ముప్పై "సముద్రము వైపు".
లోవకుమారి ఒక్కతే రాసింది:
"పొద్దున్న ఒకేపు, మధ్యాన్నం ఒకేపు."
చదవడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు
నా ఎర్రపెన్నుకి ఇంటూ కొట్టడానికి.

పేపర్లిచ్చిన రోజు ఏడవలేదా పిల్ల.
బల్ల దగ్గరకొచ్చి, జడ కొస నోట్లో పెట్టుకుని
"మా రేవులో అలాగే పారతాదండి మాస్టారూ" అంది.
"పుస్తకంలో ఏముంది?"
"పుస్తకం మా రేవుకి రాలేదు కదండీ."

క్లాసంతా నవ్వింది.
నాకు గొంతులో ముల్లు దిగింది, సావడాయి ముల్లులాంటిది,
అన్నం ముద్ద మింగినా పోనిది.

మాది మెట్ట, జగ్గంపేట అవతల.
మా ఊళ్లో నీళ్లు చేదతో తోడితేనే కదిలేవి.
ఈ తిప్పకి బదిలీ అయి ఐదేళ్లు.
ఆటో దిగి బడికి, బడి నుంచి ఆటోకి,
రేవు పక్కనించే నడిచాను రోజూ
గౌతమి వంక ఒక్కసారి నిలబడి చూడకుండా.

మర్నాడు లెక్కల పీరియడు
అందరం రేవులో ఉన్నాం.
పోసిబాబు సరుగుడు కర్ర తెచ్చాడు.
బెత్తెడుకో గంటు కొట్టి బురదలో పాతాం.
చీపురుపుల్ల నీళ్లలో వేసి
అది ఎటు పోతే అటు చెయ్యి చాపమన్నాను.
పది గంటలకి చేతులన్నీ ఊరి వైపు.
నది వెనక్కి నడుస్తోంది
ఏ పాఠమూ చదవనట్టు.

"చూశారా మాస్టారూ" అంటుందనుకున్నాను లోవ.
"రేపు కూడా చూద్దామండి, ఒక్కరోజు చాలదు" అంది.

రెండోరోజు పోటు ఆలస్యం, ముప్పావుగంట పైనే.
మూడోరోజు ఇంకా.
నా వాచీ తప్పన్నాడు వీర్రాజు.
కర్ర కుంగిందన్నాడు పోసిబాబు.
నాలుగోరోజు అంకె తాను చూడలేదనీ,
పక్కది చూసి ఊహించి రాశాననీ
నాగదేవి తలొంచుకుని చెప్పింది.
గోడ మీద సుద్దతో ఆ అంకె కొట్టేశాం.
ఆ కొట్టివేతకి
మనసులో పదికి పదీ వేశాను.

ఎందుకండీ ఆలస్యం?
"నాకు తెలీదర్రా" అన్నాను.
ఇరవై రెండేళ్లు మోసిన మూట,
దించి చూస్తే అందులో ఏమీ లేదు.

పిల్లలేం కంగారుపడలేదు.
"మా తాతనడుగుదామండి" అన్నాడు పోసిబాబు.
తాత వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే
"సెందురుడు రోజూ అలీసంగా లెగవట్లేదేంట్రా? నీళ్లూ అంతే.
పున్నానికీ అమాసకీ పెద్ద పోటు, అట్టమికి సిన్నది."
"అట్టమికి ఎందుకు తక్కువ తాతా?"
"మా అయ్య సెప్పలేదు. నేనడగలేదు."
దారం పంటితో తెంపి
కాసేపటికి మళ్లీ తనలో తనే
"అడగాల్సింది" అన్నాడు.

లోవ పేపర్లో ఇంటూ చెరపలేదు.
దాని పక్కన తేదీ వేసి, సంతకం పెట్టి
"ఈ తప్పు మాస్టారిది" అని రాశాను.
ఆమె చదివి, మడిచి, జేబులో పెట్టుకుని
పున్నమి ఎప్పుడండీ అనడిగింది.

పున్నమి ఆదివారం పడింది. బడి లేదు.
ఇంట్లో ఏం చెప్పాలో తెలీక
ఏమీ చెప్పకుండానే ఆటో ఎక్కాను.
రేవులో అప్పటికే పిల్ల,
మోకాళ్ల దాకా బురద, చేతిలో నోటుబుక్కు.
నీళ్ల మధ్యలో చీపురుపుల్ల
ఎటూ పోకుండా నిలబడి ఉంది.
నా చెప్పుల చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు.

"ఉష్, మాట్లాడకండి మాస్టారూ.
ఇప్పుడే తిరుగుతోంది."