ముళ్లపంది కొక్కెం

ఇద్రియాలో మా బడి.
కిటికీ అద్దాలకి మంచు సున్నం కొట్టిన ఉదయం.
రెండో తరగతి, పదిహేడు వెలిగే పలకలు.
ఒకదాని మూల పగిలింది.
అది ఎవరికీ వద్దు, అందుకే నాది.

"ఇరవై మూడు" అన్నాను.
మా భాషలో ఆ మాట ఎదురుకాళ్లతో పుడుతుంది:
మూడూ, ఆపైన ఇరవై.
ఒకట్లు ముందే గడప దాటేస్తాయి,
పదులు బూట్లు విప్పుకుంటూ వెనకాల వస్తాయి.

యెర్నేయ్ విన్నది విన్నట్టు రాశాడు.
ముందు మూడు, పక్కన రెండు.
చెవి చెప్పినదానికి చెయ్యి సాక్ష్యం.
అబద్ధమాడని ముప్పై రెండుని
ఎర్ర సిరాతో ఎలా కొట్టేయను?

"రాయకు, పేర్చు" అన్నాను.

తెర మీద మూడు గదులు.
కుడి గదిలోకి పసుపు ఘనాల్ని
ఒక్కొక్కటే వేలితో ఈడ్చాడు.
తొమ్మిది దాకా బుద్ధిగా కూర్చున్నాయి.
పదోది రాగానే గది ఇరుకై వణికింది.
చుట్టూ వేలితో గీత గీశాడు
టిక్
పది ఒళ్లూ ఒక్క కడ్డీ.
"ఎవరు అతికించారు?" అని
పలక తిరగేసి వీపు చూశాడు.

బీరువాలో పాత చెక్క దిమ్మెలున్నాయి,
నలభై ఏళ్ల పిల్లల చేతుల జిడ్డుతో నున్నగా.
వాటిలో పది కడ్డీ పుట్టుకతోనే పది.
విరిగితే హెడ్మిస్ట్రెస్‌కి జవాబు చెప్పుకోవాలి.
ఇక్కడ విరగ్గొట్టొచ్చు.
ఆ సంగతి పసిగట్టాక
పాఠం ఇక నా చేతిలో లేదు.
వందని పదులుగా, పదుల్ని ఒకట్లుగా,
సంతలో చిల్లర మార్చేవాడిలా
పావుగంట విరగ్గొడుతూనే ఉన్నాడు.
ఆపలేదు నేను.
మార్చిలో తీసివేతలొస్తాయి,
పక్క గది తలుపు తట్టి అప్పడగాలి.
ఆ అప్పుకి ఇప్పుడే
పూచీకత్తు రాసుకుంటున్నాడని
వాడికి తెలీదు.

తర్వాత రెండు వందల మూడు.
ఎడమన రెండు చదరాలు, కుడిన మూడు ఘనాలు,
నడిమి గది నిశ్శబ్దం.
కింద గడిలో రాశాడు: 23.
ఈసారి వరస తప్పలేదు!
ముందు రెండే, వెనక మూడే.
ఆ ముఖంలో వెలుగు చూశాక
తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మరి అర్బ్‌నోర్ కొక్కెం?" అంది తింకారా.

నడవాలో కోట్లు తగిలించే కొక్కేలు,
ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ.
ముళ్లపంది అర్బ్‌నోర్‌ది.
ఆకులు రాలే రోజుల్లో
వాళ్ల నాన్నకి యెసెనీత్సెలో పని దొరికింది.
సోమవారం ఉన్నాడు,
గురువారం లేడు.

"దాన్ని పీకేస్తే నా నత్త జరుగుతుంది,
యెర్నేయ్ గుడ్లగూబ జరుగుతుంది,
నా టోపీ ఇంకెవరో పెట్టుకుంటారు.
ఎవరూ లేరు అని కూడా
రాయాలి కదా టీచర్!"

సున్న అంటే
పేపరు మీద పడే శిక్ష అనుకునేవాడు యెర్నేయ్.
ఇప్పుడు నాలుక కొస బయటపెట్టి
రెండుకీ మూడుకీ మధ్య నెమ్మదిగా చుట్టాడు,
చలికి ముడుచుకు పడుకున్న
ముళ్లపందంత గుండ్రంగా.

గంట కొట్టారు.
కోట్ల రాపిడి, బూట్ల తొక్కిడి.
వాడు కదల్లేదు.
పదో చదరాన్ని తొమ్మిదింటి పక్కకి చేర్చి
చుట్టూ గీత గీశాడు.
టిక్.
లేచిన పెద్ద ఘనానికి చోటు చాల్లేదు,
సగం తెరలో, సగం ఎక్కడో.
ఎడమకి తోశాడు.
అంచు తగిలి వెనక్కొచ్చింది.
మళ్లీ తోశాడు.

"వందలకి ఎడమ పక్కన ఎవరుంటారు?"

జవాబు నాకు తెలుసు.
అయినా వాడు అప్పటికే తల తిప్పేశాడు
ఎడమ వైపుకి,
కిటికీ కేసి.
మంచు పట్టిన అద్దాన్ని
చొక్కా చేత్తో తుడుస్తున్నాడు.